నడుస్తూ నేర్పిన లెక్కలు



ఈసారి ఒక లెక్కల మేష్టారి కథ చెప్పుకుందాం. లెక్కలనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో గుణకారాలూ భాగాహారాలూ ఏమీ లేవు. ఉన్నవల్లా ఒక ఊరి వీధులు, ఒక స్నేహం, ఒక కుటుంబం, కొందరి మొహం మీద తలుపులు మూసేసిన ఒక ప్రభుత్వం. ఆ తలుపులు మూసుకున్నాక డెబ్భై ఆరేళ్ళ వయసులో ఆ మేష్టారు ఏం చేశారన్నదే అసలు కథ.

ఆయన పేరు గ్విడో కాస్టెల్నువోవో. ఇటలీ దేశస్థుడు. నోరు తిరగని పేరే గాని, అర్థం చూస్తే మనకు బాగా దగ్గరిది. వాళ్ళ భాషలో 'కాస్టెల్' అంటే కోట, 'నువోవో' అంటే కొత్త. మన లెక్కన కొత్తకోటవారన్నమాట! ఆల్జీబ్రానీ జామెట్రీనీ కలిపి సాగే బీజీయ రేఖాగణితం అనే శాస్త్రానికి తొలిరోజుల్లో రూపం దిద్దిన కొద్దిమందిలో ఆయనొకరు. ఆయన రాసిన పుస్తకాలు ఎంత మేలు చేశాయో, పక్కన నడిచేవాళ్ళతో ఆయన మాట్లాడిన మాటలు కూడా అంత మేలూ చేశాయి. మాట వల్ల చదువుకు వచ్చే బలమేమిటో, ఒట్టి మాట మీదే ఆధారపడితే వచ్చే చిక్కేమిటో, రెండూ ఈ కథలో ఉన్నాయి.

ముందు ఈ శాస్త్రం ఏమిటో రెండు ముక్కల్లో చూద్దాం. హైస్కూల్లో మనం ఆల్జీబ్రా ఒక నోటుబుక్కులోనూ, జామెట్రీ ఇంకో నోటుబుక్కులోనూ చేసేవాళ్ళం. ఒకదాని నిండా ఎక్స్‌లూ వైలూ. రెండోదాని నిండా గీతలూ వృత్తాలూ. ఒకదానికొకటి మొహం చూసుకోని తోడికోడళ్ళలా ఉండేవి. ఆ రెండూ ఒకే ఇంటివని ఫ్రాన్సు దేశపు దెకార్త్ 1637లో అచ్చువేసిన పుస్తకంలో చూపించాడు. ఒక సమీకరణం ఇస్తే దానికి తగిన బొమ్మ గీయవచ్చు. వృత్తానికొక సమీకరణం, కోడిగుడ్డు ఆకారానికొక సమీకరణం. సమీకరణాన్ని కాస్త మారిస్తే బొమ్మా మారుతుంది.

ఇంకో సంగతి కూడా చూడండి. రాత్రిపూట దీపం ముందు మీ చేతి గాజు ఒకటి తీసి పట్టుకోండి. గోడకు సమంగా పట్టుకుంటే నీడ గుండ్రంగా పడుతుంది. కాస్త వాలిస్తే నీడ కోలగా సాగిపోతుంది. గాజు మారలేదు, నీడే మారింది. పందొమ్మిదో శతాబ్దంలో జామెట్రీ చదివినవాళ్ళకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇలాంటిదే. ఆకారాలు ఇట్లా మారిపోతున్నప్పుడు, మారకుండా నిలిచేది ఏది? పైకి వేరు వేరుగా కనిపించే రెండు బొమ్మలు లోపల ఒకటేనని ఎలా పోల్చుకోవాలి?

ఇటలీలో ఈ విద్యకు విత్తనం వేసినవాడు లూయీజీ క్రెమోనా. ఆయన 1830లో పుట్టాడు. అప్పటికి ఇటలీ అనే ఒక దేశమే లేదు. చిన్న చిన్న రాజ్యాలు, ఉత్తరాన ఆస్ట్రియావాళ్ళ పెత్తనం. 1848లో పదిహేడేళ్ళ కుర్రాడుగా క్రెమోనా చదువు పక్కన పెట్టి, ఆస్ట్రియావాళ్ళ మీద తిరగబడ్డ సైన్యంలో చేరి వెనిస్ నగరం కోసం పోరాడాడు. 1861లో ఇటలీ ఒక రాజ్యమయ్యాక, కొత్త దేశానికి కొత్త చదువులు కావాలని పట్టుబట్టిన వాళ్ళలో ఆయనొకడు. 1863 నుంచి 1865 లోపల, ఒక బొమ్మను మరో బొమ్మగా మార్చే కొత్త పద్ధతులను ప్రకటించాడు. వాటిని నేటికీ క్రెమోనా పరివర్తనలనే అంటారు.

మన కొత్తకోటవారు ఆ తర్వాతి తరం. 1865 ఆగస్టు 14న వెనిస్‌లో పుట్టారు. తండ్రి ఎన్రికో నవలా రచయిత. వాళ్ళు యూదులు. ఈ మాట ముందు ముందు మనకు అవసరమవుతుంది, గుర్తుంచుకోండి. గ్విడో పదువా విశ్వవిద్యాలయంలో చదివి 1886లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత టూరిన్ నగరంలో కొర్రాడో సెగ్రె అనే మేధావి దగ్గర చేరారు. సెగ్రె ఈయన కంటే రెండేళ్ళే పెద్ద. గురువనాలో స్నేహితుడనాలో తెలియని వరస. వక్రరేఖల గుట్టుమట్లన్నీ ఆ ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటూ తేల్చుకున్నారు. 1891లో, ఇరవై ఆరేళ్ళకే, గ్విడోకు రోము విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి వచ్చింది.

మరుసటి ఏడు, అంటే 1892లో, ఫెడెరిగో ఎన్రీకెస్ అని ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు రోముకు వచ్చాడు. పెద్దాయన క్రెమోనా దగ్గర పనిచేద్దామని వచ్చినవాడు, కాస్టెల్నువోవోకి దగ్గరయ్యాడు. ఈ కుర్రాడిలో ఒక విచిత్రం ఉంది. బుర్ర చురుకేగాని పుస్తకం కుదురుగా చదవలేడు. రెండు పేజీలు తిప్పేసరికి అక్కడ ఉన్నది వదిలేసి తన మనసులో ఉన్నది చూడ్డం మొదలుపెడతాడు. ఇంకెవరైనా అయితే "ముందు కూచుని పాఠం చదువు" అని కసిరి ఉండేవారు. కాస్టెల్నువోవో కసరలేదు. ఈ పిల్లవాడికి చదువు చెవిలోంచి ఎక్కుతుందని కనిపెట్టి, రోము వీధుల వెంట నడకలు మొదలుపెట్టారు. రోజుకో వీధి, ఒకటే మాటలు. ఆ నడకలలోనే, అప్పటిదాకా వక్రరేఖల గురించి తెలిసిందంతా ఎన్రీకెస్ వంటబట్టించుకున్నాడు. అక్కడితో ఆగకుండా ఇద్దరూ కలిసి వక్రతలాల మీద, అంటే బంతి పైభాగంలా వంపు తిరిగిన ఉపరితలాల మీద పడ్డారు. ఈ నడకల సంగతి కాస్టెల్నువోవోగారే, స్నేహితుడు పోయిన తర్వాత, తలుచుకుని చెప్పారు.

వాళ్ళు ఎలా పనిచేసేవాళ్ళో కూడా ఆయన 1928లో బొలోన్యాలో జరిగిన ప్రపంచ గణిత మహాసభలో వివరించారు. మనసులోనే రకరకాల ఉపరితలాలను తయారుచేసుకుని, వాటిని రెండు అద్దాల బీరువాల్లో సర్దుకున్నట్టు ఊహించుకునేవారట. మొదటి బీరువాలోవి బుద్ధిమంతులు. వక్రరేఖలకు చెల్లే నియమాలన్నీ వాటికీ చెల్లేవి. రెండో బీరువాలోవి అల్లరి పిల్లలు. ఏ నియమం పెట్టినా దాటేవి. అయినా ఇద్దరూ విసుక్కోకుండా ఆ అల్లరివాటిని మళ్ళీ మళ్ళీ పరీక్షించి, రెండు బీరువాలకూ కలిపి చెల్లే నియమాలు ఏమిటా అని ఊహించేవారు. ఊహించినదాన్ని కొత్త ఉపరితలాల మీద పరీక్షించేవారు. అది నిలబడితే అప్పుడు రుజువు వెతికేవారు.

ఇందులో ఒక్క ఉదాహరణ చెప్తాను. నాటకంలో వేషం కట్టిన మనిషిని మనం ఎలా పోల్చుకుంటాం? రంగు, కిరీటం, మీసం అన్నీ పైపైవే. గొంతును బట్టో, నడకను బట్టో "అరే, ఇతను మన వీధివాడే" అనుకుంటాం. అలాగే కొన్ని ఉపరితలాలు చూడ్డానికి ఎన్ని మెలికలు తిరిగినా, నిజానికవి వేషం కట్టిన చదును తలాలే. బల్లపరుపు తలం నుంచి పరివర్తనలు చేసుకుంటూ వాటిని రాబట్టవచ్చు. మరి ఏది వేషమో ఏది కాదో ఎలా తెలుస్తుంది? ప్రతి ఉపరితలానికీ కొన్ని అంకెలు కట్టవచ్చు. వేషం ఎన్నిసార్లు మార్చినా ఆ అంకెలు మారవు. బల్లపరుపు తలానికి ఆ అంకెలు సున్నాలు. అలాంటి రెండు అంకెలూ సున్నా అయితే చాలు, అది చదును తలమే అనుకోవచ్చా అని కాస్టెల్నువోవోకి సందేహం వచ్చింది.

అప్పటికి ఎన్రీకెస్ ఉద్యోగం మీద బొలోన్యా వెళ్ళిపోయాడు. నడకలు పోయి ఉత్తరాలు వచ్చాయి. 1894లో అతను ఉత్తరంలోనే జవాబు పంపాడు. నాలుగు త్రిభుజాలతో చేసిన దిమ్మెకు ఆరు అంచులుంటాయి కదా. ఆ ఆరు అంచుల మీదా రెండేసి సార్లు పోయే ఒక ఉపరితలం ఉంది. దానికి ఆ రెండు అంకెలూ సున్నాలే, కాని అది చదును తలం కాదు! దాన్నే ఈనాడు ఎన్రీకెస్ తలం అంటారు. మిత్రుడి దెబ్బకు ప్రశ్న తిరగబడింది. కాస్టెల్నువోవో నొచ్చుకోలేదు. ఒక అంకె తీసేసి, దాని చోట మరింత గట్టి పరీక్ష పెట్టే ఇంకో అంకెను తెచ్చి, ఈసారి రెండూ సున్నా అయితే అది చదును తలమే అని రుజువు చేశారు. 1896లో అచ్చయిన ఆ సిద్ధాంతం నేటికీ ఆయన పేరునే ఉంది.

ఆ 1896లోనే ఇంకో శుభకార్యం జరిగింది. ఎన్రీకెస్ చెల్లెలు ఎల్బీనాను కాస్టెల్నువోవో పెళ్ళి చేసుకున్నారు. స్నేహితులు బావాబావమరదులయ్యారు. బావమరిది బావగారికి రాసిన ఉత్తరాలు ఆరు వందల పైచిలుకు దాచి ఉంచారు. 1996లో అవి పుస్తకంగా వచ్చాయి. ఇంట్లో కబుర్లూ, ఉపరితలాల అంకెలూ పక్కపక్కనే ఉంటాయి వాటిల్లో. ఎల్బీనాగారి పేరు మీద సిద్ధాంతాలు లేవు. అన్నగారికీ భర్తగారికీ మధ్య, ఐదుగురు పిల్లల తల్లిగా, ఆ ఇల్లు నడిపిన ఇల్లాలు ఆవిడ. ఎన్రీకెస్ 1914 నాటికి ఉపరితలాలన్నింటినీ జాతులవారీగా విభజించిన పట్టిక పూర్తిచేశాడు. ఇల్లు సర్దినట్టు ఏ ఉపరితలం ఏ అరలో ఉండాలో తేల్చేశాడన్నమాట.

1921లో రష్యా సామ్రాజ్యపు శిథిలాల్లోంచి ఒక బీద విద్యార్థి రోము చేరాడు. అతని పేరు ఆస్కార్ జరిస్కీ. కాస్టెల్నువోవో అతన్ని కూడా నడకకు తీసుకెళ్ళారు. మాటల్లోనే అతని లోతు కొలిచేశారు. అతనికి బొమ్మల కన్నా ఆల్జీబ్రా మీద మోజు ఎక్కువ. మా మధ్యనే ఉన్నావు గాని నువ్వు మాలాంటివాడివి కాదయ్యా అన్న అర్థంలో గురువుగారు ఒకసారి అన్నారట. అది తిట్టు కాదు. తమ దారిలో ఏదో కొరత ఉందని, దాన్ని పూడ్చగలవాడు ఇతనేనని ఆయనకు తోచి ఉండాలి. జరిస్కీ 1924లో పట్టా తీసుకుని, 1927లో అమెరికా వెళ్ళాడు.

ఇక చీకటి రోజులకు వద్దాం. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదులు బళ్ళలో చదువు చెప్పకూడదు, చదువుకోకూడదు. కాస్టెల్నువోవో 1935లోనే పదవీ విరమణ చేశారు. ఎన్రీకెస్ ఉద్యోగం ఊడింది. దేశమంతటా పిల్లలు చదివే జామెట్రీ పుస్తకం ఎన్రీకెస్, అమాల్ది కలిసి రాసినది. దాని అట్ట మీద నుంచి ఎన్రీకెస్ పేరు తీసేశారు. నలభై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన చోట, లైబ్రరీలో అడుగుపెట్టే హక్కు కూడా ఆ ముసలాయనకు లేకుండా పోయింది.

ఆయన కూతురు ఎమ్మా అప్పటికి ఇరవై నాలుగేళ్ళది. లెక్కల్లో పట్టా పుచ్చుకుని, ఉపాధ్యాయుల పోటీ పరీక్షలో నెగ్గింది. 1938 ఆగస్టులో నెగ్గితే, కొద్దిరోజులకే వచ్చిన చట్టం ఆ ఉద్యోగాన్ని లాగేసుకుంది. ఆమె రోములో యూదుల పిల్లల కోసం పెట్టుకున్న బడిలో పాఠాలు చెప్పసాగింది. కాని పెద్ద చదువుల మాట? హైస్కూలు దాటిన పిల్లలు ఏం కావాలి?

1941లో కాస్టెల్నువోవో నడుం కట్టారు. స్విట్జర్లాండులోని ఫ్రైబూర్ నగరంలో ఒక సాంకేతిక విద్యాసంస్థ ఉంది. ఆ సంస్థలో పిల్లల పేర్లు నమోదు చేయించి, పాఠాలు మాత్రం రోములోనే రహస్యంగా మొదలుపెట్టారు. ఉద్యోగాలు పోయిన ప్రొఫెసర్లు వచ్చి పాఠాలు చెప్పారు. ఇంజనీరింగుకు కావలసిన లెక్కలూ సైన్సూ అన్నీ ఉన్నాయి. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడు, మొదటి సంవత్సరం పిల్లలకు మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఈ గుప్త విశ్వవిద్యాలయం 1943 దాకా సాగింది.

ఆ సెప్టెంబరులో జర్మన్ సైన్యం రోమును ఆక్రమించింది. అక్టోబరు 16న ఇళ్ళ మీద పడి వెయ్యిమందికి పైగా యూదులను పట్టుకుని ఆష్విట్స్ మరణశిబిరానికి పంపారు. పసిపిల్లలు కూడా ఉన్నారు. తిరిగి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాస్టెల్నువోవో కుటుంబం ఇళ్ళు మారుతూ తలదాచుకుంది. ఎన్రీకెస్‌ను ఒక శిష్యుడు తన ఇంట్లో దాచుకున్నాడు. గురువు దగ్గర నేర్చుకున్నదానికి ఋణం తీర్చుకోవడమంటే అదేనేమో. 1944 జూన్ 4న రోముకు విముక్తి కలిగింది.

ఎన్రీకెస్ 1946లో పోయాడు. ఉపరితలాల మీద అతను రాసిన పెద్ద పుస్తకం 1949లో, బావగారి ముందుమాటతో వెలువడింది. అదే ఏడు కాస్టెల్నువోవో ఇటలీలో జీవితకాల సెనేటరుగా నియమితులయ్యారు. ఒకప్పుడు లైబ్రరీ గడప తొక్కనివ్వని మనిషి లించెయి విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడయ్యారు. 1952 ఏప్రిల్ 27న కన్నుమూశారు. రోము విశ్వవిద్యాలయంలో గణితశాఖకు ఆయన పేరే పెట్టారు.

మరి మాటతో వచ్చే చిక్కేమిటో చెప్తానన్నాను కదా. కాస్టెల్నువోవో స్వయంగా జాగ్రత్త గల మనిషే. కాని ఆ బడివాళ్ళందరూ అంత జాగ్రత్తపరులు కారు. "కంటికి కనిపిస్తూనే ఉంది, ఇంకా రుజువెందుకు?" అనే ధోరణి రాను రాను పెరిగింది. ఎదురుగా కూచుని మాట్లాడుకునేవాళ్ళకు సగం చెబితే చాలు, మిగతా సగం అర్థమైపోతుంది. ముందు తరం వాళ్ళకు ఆ సగం అందదు. అమ్మమ్మ చెప్పిన ఆవకాయ కొలతల్లాంటిదే ఇదీ. "తగినంత ఉప్పు" అన్నప్పుడు ఆవిడ చెయ్యి ఎదురుగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ చెయ్యి పోయాక ఆ తగినంత ఎంతో ఎవరు చెప్తారు?

ఆ కొలతలు మళ్ళీ కట్టినవాడు జరిస్కీ. 1935లో ఉపరితలాల మీద పుస్తకం రాస్తూ, తన గురువుల రుజువులలో సందులున్నాయని గ్రహించాడు. బాధపడ్డాడు. కాని గురువుల మాట తప్పని కొట్టిపారెయ్యలేదు, అట్లాగని కళ్ళూ మూసుకోలేదు. ఆ ఇంటికి ఆల్జీబ్రాతో కొత్త పునాది పోశాడు. 1958లో, గురువుగారు పోయిన ఆరేళ్ళకు, ఆ రెండు సున్నాల సిద్ధాంతాన్ని తీసుకుని, అంతకు ముందు చెల్లని సంఖ్యా ప్రపంచాలలో కూడా చెల్లేటట్టు కొత్తగా రుజువు చేశాడు. అతని శిష్యులు హిరోనాకాకు 1970లో, మంఫర్డ్‌కు 1974లో ఫీల్డ్స్ పతకం వచ్చింది. గణితంలో నోబెల్ బహుమతి వంటిది అది. ఎన్రీకెస్ వేసిన పట్టికను జపాన్ దేశస్థుడు కొడైరా 1960లలో మళ్ళీ పరీక్షించి, విస్తరించాడు. అరలు దాదాపు అలాగే నిలిచాయి. రోము వీధుల్లో నడుస్తూ చూసిన చూపు నిజమైనదే. దానికి రాత కూడా తోడు కావలసి వచ్చిందంతే.

ఇక ఎమ్మా సంగతి. తండ్రి మేధావుల పక్కన నడిస్తే, ఆమె పదేళ్ళ పన్నెండేళ్ళ పిల్లల పక్కన నిలబడింది. 1945 నుంచి 1979 దాకా రోములో ఒక మామూలు మాధ్యమిక పాఠశాలలో లెక్కలు చెప్పింది. పెద్ద పదవులు కోరలేదు. జామెట్రీని నిర్వచనాలతో కాక చేతులతో మొదలుపెట్టాలని 1948లో పుస్తకం రాసింది. ఆవిడ పాఠాల్లో ఒకటి మీరు ఇప్పుడే చేసి చూడవచ్చు. ఒక దారం ముక్క తీసుకుని రెండు కొసలూ ముడెయ్యండి. రెండు చేతుల బొటనవేళ్ళకూ చూపుడువేళ్ళకూ తగిలించి లాగితే పొడుగు చతురస్రం వస్తుంది. వేళ్ళు దగ్గరకు తెచ్చి, దూరం జరిపి చూడండి. దారం పొడుగు అదే. అంటే చుట్టుకొలత మారలేదు. మరి లోపలి వైశాల్యం? సన్నగా సాగితే దాదాపు ఏమీ ఉండదు. నాలుగు పక్కలూ సమానమైతే అన్నిటికన్నా ఎక్కువ. చుట్టుకొలత ఒకటైతే వైశాల్యమూ ఒకటే అనుకునే పిల్లలకు, పెద్దలకు కూడా, ఆ పొరపాటు ఈ దారంతో వదిలిపోతుంది. మారేదేది, మారనిదేది? తండ్రి ఉపరితలాలను అడిగిన ప్రశ్నే ఇది. కూతురు దాన్ని పిల్లల వేళ్ళకు తగిలించింది. గణిత బోధనలో మేలైన కృషికి 2013లో అంతర్జాతీయ సంఘం ఆమె పేరిట బహుమతి నెలకొల్పింది. మరుసటి ఏడు, నూరేళ్ళు నిండిన తర్వాత, ఆమె కన్నుమూసింది.

చూడండి, ఈ కుటుంబం నుంచి ఉద్యోగం లాక్కోగలిగారు, పుస్తకం మీద పేరు చెరపగలిగారు, లైబ్రరీ తలుపు మూయగలిగారు. ఒకరి పక్కన కూచుని ఇంకొకరు నేర్చుకోవడాన్ని మాత్రం ఆపలేకపోయారు. మన పిల్లల్లో కూడా పుస్తకం ముందు కుదురుగా కూచోని ఎన్రీకెస్‌లు ఉంటారు. మనకు ఆ లెక్క రాకపోయినా ఫరవాలేదు. వంట చేస్తూనో, బజారుకి నడుస్తూనో, "ఏదీ, ఆ పాఠం నాకు చెప్పు, వింటాను" అనండి. చెప్పడం పూర్తయ్యాక, "ఇప్పుడు చెప్పిందంతా ఒక్క అక్షరం వదలకుండా కాగితం మీద పెట్టు" అని కూడా అనండి. రెండూ కావాలి.

సెలవు.